పుటాకార దర్పణంలో ముఖం తలకిందులు కావాల్సిన చోట నిటారుగా ఎందుకు కనిపిస్తోంది?

ఖమ్మం సెలూన్ (ప్రశ్న)

నమస్తే. మాది ఖమ్మంలో సెలూన్. పాప పదో తరగతి. వాళ్ళ సారు ఇప్పుడు వక్రతలాల దగ్గర కాంతి పరావర్తనం పాఠం చెబుతున్నారు. పాఠంలో ఉన్నదానికీ మేం కళ్ళతో చూసినదానికీ ఒకచోట పొంతన కుదరడం లేదు. తెలిసినవాళ్ళు దయచేసి వివరంగా చెప్పండి.

షాపులో గుండ్రటి అద్దం ఒకటుంది. ఒకవైపు మామూలు అద్దం, రెండోవైపు ముఖం పెద్దగా చూపిస్తుంది. గడ్డం గీత సమంగా వచ్చిందో లేదో చూసుకోమని కస్టమర్ చేతికిస్తుంటాను. పెద్దగా చూపించే వైపే పుటాకార దర్పణం, అంటే లోపలికి గుంటగా ఉండే అద్దం, అని పాప అంది. మంగళవారం షాపు సెలవు కాబట్టి ఇద్దరం టేపు పట్టుకుని కూర్చున్నాం.

ముందు నాభ్యంతరం కొలిచాం. అద్దాన్ని వాకిలి వైపు తిప్పి, దాని ముందు తెల్లకాగితం ముక్క పట్టుకుని ముందుకీ వెనక్కీ జరిపితే రోడ్డవతల మెడికల్ షాపు బోర్డు రంగులతో సహా తలకిందులుగా కాగితం మీద పడింది. బాగా తేటగా పడినచోట కాగితానికీ అద్దానికీ మధ్య 30 సెంటీమీటర్లు. అంటే నాభి (దూరపు కాంతి వచ్చి కలిసే చోటు) 30 దగ్గర, వక్రతా కేంద్రం (అద్దం ఏ గోళంలో ముక్కో దాని కేంద్రం) దానికి రెండింతలు, 60 దగ్గర. అద్దం వెడల్పు 18.

పుస్తకంలో పట్టిక ప్రకారం వస్తువు 30 లోపల ఉంటే అద్దం వెనక నిటారుగా, పెద్దగా మిథ్యా ప్రతిబింబం (తెర మీద పట్టలేనిది) రావాలి. సరిగ్గా 30 దగ్గర ఉంటే ప్రతిబింబం అనంత దూరంలో. 30కీ 60కీ మధ్య ఉంటే 60 అవతల తలకిందులుగా, పెద్దగా నిజ ప్రతిబింబం (తెర మీద పడేది). 60 దగ్గర అంతే సైజులో తలకిందులు. 60 దాటితే తలకిందులుగా, చిన్నగా.

మాకు కనిపించింది వేరు. అద్దాన్ని గోడకి నిలబెట్టి, ఒక కన్ను మూసుకుని, మెల్లగా వెనక్కి జరుగుతూ వచ్చాను. 20 దగ్గర ముఖం పెద్దగా, తేటగా ఉంది. 30 దగ్గర ఇంకొంచెం పెద్దగా, అప్పుడూ తేటగానే ఉంది. 45 దగ్గర కన్ను, కనుబొమ, ముక్కు మొదలు తప్ప అద్దంలో ఇంకేం పట్టలేదు, అదీ అలుక్కుపోయినట్టు మసక. కానీ నిటారుగానే ఉంది. కనుబొమ పైన, కన్ను కింద. 60 దగ్గర అద్దం మొత్తం ఒకటే మరక. అది దాటాక తిరగబడింది.

నా ప్రశ్నలు ఇవి. 45 దగ్గర తలకిందులుగా కనిపించాలి కదా, ఎందుకు కనిపించలేదు? 30 దగ్గర ఆవర్ధనం (ప్రతిబింబం ఎన్ని రెట్లు పెద్దదో చెప్పేది) అనంతం అంటున్నారు, మరి ముఖం మామూలు కంటే కొంచెం పెద్దగా కనిపించి ఊరుకుందేం?

మూడోది మా ఇద్దరికీ తేడా వచ్చినచోటు. 60 దాటాక తలకిందులుగా కనిపించే ముఖం పాపకి 65, 66 దగ్గరే తేటగా ఉంది. నాకు 90 దాటి ఇంకాస్త వెనక్కి జరిగితే గాని తేటపడలేదు. ఒకే అద్దం, ఒకే లైటు. నాకు 48 ఏళ్ళు, దగ్గరి చూపుకి కళ్ళజోడు ఉంది, అది తీసేసే చూశాను. దూరం బాగానే కనిపిస్తుంది. పాపకి కళ్ళజోడు లేదు.

జూనియర్ కాలేజీ ఫిజిక్స్

పట్టిక సరైనదేనండి. గది చీకటి చేసి, కొవ్వొత్తిని అద్దానికి 45 సెం.మీ. దగ్గర, అక్షానికి కొంచెం పక్కగా పెట్టండి. తెల్ల అట్టని 90 దగ్గర పట్టుకోండి. మంట తలకిందులుగా, రెండింతల ఎత్తున అట్ట మీద పడుతుంది. లెక్క చిన్నదే: 1/30 (నాభ్యంతరం) లోంచి 1/45 (వస్తువు దూరం) తీసేస్తే 1/90 మిగులుతుంది, కాబట్టి ప్రతిబింబ దూరం 90. ఆవర్ధనం 90/45, అంటే 2.

ముఖంతో చేసినప్పుడు వెలుతురు చాలకపోవడం, అద్దం అంచుల నుంచి వచ్చే కిరణాలు ఒకేచోట కలవకపోవడం లాంటివి అడ్డొస్తాయి. పిల్లలకి తెర మీద చూపించడమే మంచిది.

ఖమ్మం సెలూన్

సార్, మీరు చెప్పినట్టే కొవ్వొత్తితో చేశాం. అట్ట మీద మంట తలకిందులుగానే పడింది, రెండింతలు ఉంది. పాపకి చాలా సంతోషం. కానీ వెంటనే ఇంకో మాట అడిగింది: అదే 45 దగ్గర కొవ్వొత్తి పెడితే తిరగబడి, మనిషి కూర్చుంటే తిరగబడకపోవడం ఏంటి అని. ముఖం మీద వెలుతురు తక్కువైతే మసకగా ఉండాలి గానీ తల పైన ఎందుకు ఉంటుంది? దీనికి నా దగ్గర జవాబు లేదు.

బెజవాడ ఆప్టోమెట్రిస్ట్

అన్నయ్యా, పాప అడిగిన ప్రశ్న చాలా మంచిది. కళ్ళకి పవర్ చూడటం నా పని. చెల్లెలు చెబుతోంది అనుకుని కాస్త ఓపికగా చదవండి. మీరిద్దరూ రాసిన అంకెల్లో ఒక్కటి కూడా వదిలేయాల్సిన పని లేదు, వాటితోనే చెబుతాను. (పరీక్షలో గుర్తుల సంప్రదాయం పాటించి మైనస్‌లు పెట్టాలి. ఇక్కడ వట్టి దూరాలే రాస్తున్నాను.)

పట్టిక చెప్పేది ప్రతిబింబం ఎక్కడ ఏర్పడుతుంది, ఎంత ఎత్తున ఏర్పడుతుంది అనే. చూసే కన్ను ఎక్కడుందో పట్టికకి తెలియదు. కొవ్వొత్తి విషయంలో మీ కన్ను పక్కన ఉండి అట్టని చూసింది కాబట్టి ఇబ్బంది రాలేదు. ముఖం విషయంలో వస్తువూ మీరే, చూసేదీ మీరే. మీరు 45 దగ్గర కూర్చుంటే మీ ముఖం ప్రతిబింబం అద్దానికి 90 దగ్గర ఏర్పడుతుంది. అంటే మీ కంటికి 45 సెం.మీ. వెనక, మీ వీపు అవతల. అక్కడ అది తలకిందులుగానే, రెండింతలుగానే ఉంటుంది. మీరు దాన్ని చూడలేరు. అది ఏర్పడటానికి వెళుతున్న కాంతిని మీ కన్ను దారిలోనే అందుకుంటోంది.

ఇక మసక సంగతి. మామూలుగా ఏ వస్తువు నుంచైనా కాంతి విచ్చుకుంటూ వచ్చి కంట్లో పడుతుంది. చాలా దూరం నుంచి వస్తే దాదాపు సమాంతరంగా వస్తుంది. ఈ రెండు రకాలనీ కంటి కటకం రెటీనా మీద కూర్చోబెట్టగలదు. 45 దగ్గర మీ కంట్లో పడింది మూడో రకం: అప్పటికే ముడుచుకుంటూ వస్తున్న కాంతి. కన్ను దాన్ని ఇంకా ముడిచి రెటీనాకి ముందే కలిపేస్తుంది. కంటికి తన బలం పెంచుకోవడం వచ్చు, పూర్తిగా సడలించుకోవడం వచ్చు, అంతకంటే తగ్గించుకోవడం చేతకాదు. అందుకే ఎంత ప్రయత్నించినా మసకే. వెలుతురు పెంచినా పోదు, చూడండి.

ఇక నిటారుగా ఎందుకు ఉందంటే, ఒక్క కిరణం గురించి ఆలోచించండి. మీ కనుబొమ కంటికి 2 సెం.మీ. పైన ఉందనుకుందాం. కనుబొమ దగ్గర బయలుదేరి, అద్దానికి తగిలి, మీ కంటిపాపలోకి వచ్చే కిరణం అద్దంలో ఏ చోట తగులుతుంది? మామూలు అద్దంలో అయితే కంటి మట్టానికి 1 సెం.మీ. పైన. మీ పుటాకార దర్పణంలో కన్ను 30 దగ్గర ఉంటే 2 సెం.మీ. పైన. ఇది పాప పుస్తకంలో ఉన్న కిరణమే: ప్రధానాక్షానికి సమాంతరంగా వెళ్ళి, పరావర్తనం చెంది నాభి గుండా పోయేది. నాభి దగ్గర మీ కన్ను ఉంది, అంతే. కన్ను 45 దగ్గరికి జరిగితే 4 సెం.మీ. పైన తగులుతుంది. 50 దగ్గర 6 సెం.మీ. పైన. 55 దగ్గర 12 సెం.మీ. పైన తగలాలి, కానీ మీ అద్దం మధ్య నుంచి అంచుకి 9 సెంటీమీటర్లే, కాబట్టి కనుబొమ అద్దం దాటిపోతుంది. మిగిలేది కన్ను ఒక్కటే. 60 దగ్గర, అంటే వక్రతా కేంద్రం దగ్గర, అద్దంలో ఏ చోట నుంచైనా మీ కంటికి తిరిగొచ్చేది మీ కంటి నుంచి వెళ్ళిన కాంతే. మీరు చూసిన మరక అదే, మీ కంటిపాప అద్దం నిండా పరుచుకుంది.

60 దాటాక కనుబొమ నుంచి వచ్చే కాంతి మీ కంటికి అద్దం కింది సగం నుంచి చేరుతుంది. 75 దగ్గర 4 సెం.మీ. కింద, 90 దగ్గర 2 సెం.మీ. కింద. అప్పుడే తిరగబడినట్టు కనిపిస్తుంది. అంటే తిరగబడటం కంటికి కనిపించే హద్దు 60. తెర మీద కనిపించే హద్దు 30. పట్టికకీ మీకూ పేచీ వచ్చింది ఈ రెండింటి మధ్యే. కావాలంటే మీకు కనుబొమ ఏ చోట కనిపిస్తోందో చెబుతుంటే పాపని అద్దం మీద స్టిక్కర్ బొట్టు అంటించమనండి, ఈ అంకెలు మీకే దొరుకుతాయి. మసకలో ఒక అర సెంటీమీటరు అటూ ఇటూ కావచ్చు. కొలవడానికి సూత్రం కావాలంటే ఇదిగో: 30ని కనుబొమ ఎత్తుతో గుణించి, 60 లోంచి మీ దూరం తీసేయగా వచ్చినదానితో భాగించండి. సమాధానం మైనస్ వస్తే కింది సగం అన్నమాట.

రెండో ప్రశ్న, నాకు చాలా ఇష్టమైనది. ఆవర్ధనం అంటే ప్రతిబింబం ఎత్తుని వస్తువు ఎత్తుతో భాగిస్తే వచ్చేది. మన కంటికి ఎంత పెద్దగా కనిపిస్తుందనేది ఎత్తు ఒక్కదాని మీద ఆధారపడదు, ఆ ప్రతిబింబం ఎంత దూరంలో ఉందో కూడా చూడాలి. 20 దగ్గర లెక్క వేయండి. ప్రతిబింబం అద్దం వెనక 60 దగ్గర, ఆవర్ధనం 3. అంటే మూడింతల ముఖం మీ కంటికి 80 సెం.మీ. దూరంలో ఉంది. అద్దం తిప్పి మామూలు వైపు నుంచి అదే 20 దగ్గర చూస్తే, అసలు సైజు ముఖం 40 సెం.మీ. దూరంలో ఉంటుంది. మూడింతలది రెండింతల దూరంలో ఉంది కాబట్టి కంటికి ఒకటిన్నర రెట్లే. 29 దగ్గర ఆవర్ధనం 30. ప్రతిబింబం దాదాపు 9 మీటర్ల వెనక, మీ షాపు గోడ అవతల. కంటికి మాత్రం 2 రెట్లకి కాస్త తక్కువ. సరిగ్గా 30 దగ్గర ప్రతిబింబం ఎత్తూ అనంతమే, దాని దూరమూ అనంతమే. కంటికి కచ్చితంగా 2 రెట్లు. పైగా కాంతి సమాంతరంగా వస్తోంది కాబట్టి దూరపు చూపు బాగున్న మీకు తేటగా ఉంటుంది. మీరు రాసింది అక్షరాలా అదే. అద్దాన్ని అదే చోట అటూ ఇటూ తిప్పుతూ పోల్చుకుంటే ఈ ఒకటిన్నరా రెండూ కంటికే తెలుస్తాయి.

అదే లెక్క 45 దగ్గర వేస్తే 4 రెట్లు వస్తుంది, మసకగా. ఆ మసకని పోగొట్టవచ్చు! మైనస్ 2 పవర్ ఉన్న కళ్ళజోడు ఎవరి దగ్గరైనా తీసుకుని, అది పెట్టుకుని చూడండి. ముడుచుకుంటూ వచ్చే కాంతిని మైనస్ కటకం కొంచెం విప్పి కంటికి అప్పగిస్తుంది. మీ దగ్గరి చూపు కళ్ళజోడుతో మాత్రం చూడకండి, అది ప్లస్, ఇంకా మసకవుతుంది. 1609లో గెలీలియో దూరదర్శిని (టెలిస్కోపు)లో చేసింది ఇదే పని. ముందు కుంభాకార కటకం ప్రతిబింబం ఏర్పరచబోతుంటే, అది ఏర్పడకముందే పుటాకార కటకంతో కాంతిని పట్టేశాడు. అందుకే ఆయన దూరదర్శినిలో దృశ్యం నిటారుగా ఉండేది.

మీ ఇద్దరి తేడా మాకు రోజూ ఎదురయ్యేదే. చత్వారం. 60 దాటాక ప్రతిబింబం మీ కంటికి ముందు, గాలిలో ఏర్పడుతుంది. గాలిలో ఉన్నా పుస్తకంలో అక్షరం లాంటిదే, కంటికి తగినంత దూరంలో ఉంటేనే తేటగా కనిపిస్తుంది. పాప వయసు పిల్లలు 10 సెం.మీ. దగ్గరున్నదాన్ని కూడా చూడగలరు. పాప 65 దగ్గర కూర్చుంటే ప్రతిబింబం తన కంటికి దాదాపు 10 సెం.మీ. ముందు ఉంటుంది, చూసేసింది. మీకు కళ్ళజోడు లేకుండా 50 సెం.మీ. లోపలిది తేటగా కనిపించడం లేదనుకుందాం. ప్రతిబింబం కంటికి 50 సెం.మీ. ముందు ఉండాలంటే మీరు 94 దగ్గర కూర్చోవాలి. మీరు రాసిన "90 దాటి ఇంకాస్త వెనక్కి" అదే. మీ అద్దమే మీ కంటి పరీక్ష చేసేసింది.

పాపకి లెక్కలు ఇష్టమైతే ఇది ఇవ్వండి. దూరం వర్గం, అందులోంచి 110 రెట్ల దూరం తీసేసి, 1500 కలిపితే సున్నా. ఈ వర్గ సమీకరణానికి రెండు మూలాలు: ఒకటి 94, ఇంకొకటి 16. మొదటిది తలకిందుల ముఖం మీకు తేటపడే చోటు. రెండోది అద్దానికి మీరు అంతకంటే దగ్గరికి వెళ్తే నిటారు ముఖం కూడా మసకబారే చోటు. రెండు మూలాలకీ అర్థం ఉండే లెక్కలు నాకు చాలా అందంగా అనిపిస్తాయి.

ఖమ్మం సెలూన్

చెల్లెమ్మా, మీ జవాబు పాప నోట్‌బుక్‌లో ఎక్కించుకుంది. పక్క షాపు కుర్రాడికి రెండు కళ్ళకీ మైనస్ 2. అడిగి తీసుకున్నాం. అది పెట్టుకుని చూస్తే 30 దాటాక కూడా ముఖం తేటగానే ఉంది, నిటారుగా, చాలా పెద్దగా. 44 దాకా తేట, ఆ తర్వాత మళ్ళీ మసక మొదలైంది. 44 దగ్గర నా కనురెప్ప వెంట్రుకలు విడివిడిగా కనిపించాయి. ముప్పై ఏళ్ళుగా అద్దాల మధ్య బతుకుతున్నాను, ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు.

16 కూడా సరిపోయింది. అంతకంటే దగ్గరికి వెళితే నాకు మసక, పాపకి కాదు.

బొట్టు పెట్టి కొలిచింది పాపే. 90 దగ్గర కనుబొమ కోసం పెట్టిన బొట్టు అద్దం కింది సగంలోకి వచ్చేసరికి ఎగిరి గంతేసింది. పరీక్షలో అడిగితే ఏం రాయాలి అన్నది ఇప్పుడు తన బెంగ. 45 దగ్గర ముఖం నిటారుగా కనిపిస్తుంది అని రాస్తే మార్కులు పోతాయా?

జూనియర్ కాలేజీ ఫిజిక్స్

పరీక్షలో అడిగేది ప్రతిబింబం స్థానం, స్వభావం, పరిమాణం గురించి. వస్తువు నాభికీ వక్రతా కేంద్రానికీ మధ్య ఉంటే నిజ ప్రతిబింబం, తలకిందులు, పెద్దది, వక్రతా కేంద్రానికి అవతల. అదే రాయమనండి. ముఖం నిటారుగా కనిపించినప్పుడు కూడా ఆ వాక్యం నిజమే కదా, ప్రతిబింబం పాప వీపు వెనక తలకిందులుగానే ఉంది. కిరణచిత్రం గీసేటప్పుడు కన్ను బొమ్మ కూడా పెట్టుకుని, కిరణాలు కలిసే చోటుకి ముందుందా వెనకుందా అని చూసుకోవడం అలవాటు చేస్తే ఇంటర్‌లో దూరదర్శిని, సూక్ష్మదర్శిని పాఠాలు సులువవుతాయి. ఈ ఏడు నా క్లాసులో కూడా బొట్టు ప్రయోగం చేయిస్తాను.

ఆర్టీసీ రిటైర్డ్ డ్రైవర్

తమ్ముడూ, మీ చర్చ మొదటినుంచీ చదివాను. నాదీ అద్దం ప్రశ్నే. చాలా కార్ల ఎడమ అద్దం మీద, ఇందులో కనిపించే బండ్లు నిజానికి ఇంకా దగ్గరలో ఉన్నాయి అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. అది కుంభాకార, అంటే బయటికి ఉబ్బిన, దర్పణం. మా మనవడి పుస్తకంలో కుంభాకార దర్పణంలో ప్రతిబింబం ఎప్పుడూ అద్దానికీ నాభికీ మధ్యే, అంటే చాలా దగ్గరగా ఏర్పడుతుంది అని ఉంది. ప్రతిబింబం దగ్గరగా ఏర్పడితే బండి దగ్గరగా ఉన్నట్టు కనిపించాలి కదా, దూరంగా ఉన్నట్టు ఎందుకు కనిపిస్తుంది? కొత్త డ్రైవర్లకి ఆ అద్దం నమ్మి లేను మారొద్దు అని చెప్పేవాణ్ణి గాని కారణం చెప్పలేకపోయేవాణ్ణి.

జూనియర్ కాలేజీ ఫిజిక్స్

డ్రైవర్ గారూ, పైన మేడమ్ చెప్పిన లెక్కే ఇక్కడా పనిచేస్తుంది. అద్దం వక్రతా వ్యాసార్థం 1.2 మీటర్లు అనుకుందాం, నాభ్యంతరం 60 సెం.మీ. అద్దానికి 6 మీటర్ల వెనక ఒక బైకు వస్తోంది. ప్రతిబింబం అద్దం లోపల 54.5 సెం.మీ. దగ్గర ఏర్పడుతుంది. పుస్తకం చెప్పింది నిజమే, చాలా దగ్గర. కానీ దాని ఎత్తు అసలు ఎత్తులో 11వ వంతు. 165 సెం.మీ. ఎత్తున్న బైకూ మనిషీ కలిసి 15 సెం.మీ. బొమ్మ అయిపోయారు.

మీ కన్ను అద్దానికి 60 సెం.మీ. దూరంలో ఉంటే ఆ 15 సెం.మీ. బొమ్మ మీకు 114.5 సెం.మీ. దూరంలో ఉన్నట్టు. నిజమైన బైకు అంత చిన్నగా కనిపించాలంటే దాదాపు 12.6 మీటర్ల దూరంలో ఉండాలి. దూరాన్ని మన మెదడు ఎక్కువగా సైజు చూసే అంచనా వేస్తుంది. బైకు ఎంత ఉంటుందో మనకి తెలుసు, చిన్నగా కనిపించింది, కాబట్టి దూరంగా ఉందనుకుంటాం. అసలు దూరం 6 మీటర్లే. ఆ రాత పెట్టింది ఇందుకే.

ఆ అద్దం వాడటం ఎందుకంటే, అదే సైజు మామూలు అద్దం కంటే చాలా వెడల్పు రోడ్డు చూపిస్తుంది. ఆ వెడల్పు కోసం దూరం అంచనాని వదులుకుంటున్నాం. లేను మారేముందు లోపలి మామూలు అద్దంలో కూడా చూసుకోమని చెప్పడం సరైన పద్ధతి.

హైదరాబాద్ నుంచి చుక్కలు చూసేవాణ్ణి

ఆవర్ధనం గురించి ఇంకో మాట కలుపుతాను. నా దగ్గర 6 అంగుళాల పుటాకార దర్పణం ఉన్న దూరదర్శిని ఉంది, నాభ్యంతరం 1.2 మీటర్లు. చంద్రుడి వ్యాసం 3,474 కిలోమీటర్లు. నాభి దగ్గర ఏర్పడే చంద్రుడి ప్రతిబింబం 11 మిల్లీమీటర్లు. పదో తరగతి సూత్రం ప్రకారం ఆవర్ధనం నూరు కోట్ల భాగాల్లో మూడు భాగాలు. అంత తక్కువ! అయినా 25 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న కంటికటకం (ఐపీస్) లోంచి చూస్తే చంద్రుడు 48 రెట్లు పెద్దగా కనిపిస్తాడు, ఎందుకంటే ఆ 11 మిల్లీమీటర్ల బొమ్మని కంటికి అంత దగ్గరగా తెచ్చి చూస్తున్నాం.

తమిళనాడులో కావలూరులో ఖగోళ శాస్త్రవేత్త వైనూ బప్పూ పేరు పెట్టిన దూరదర్శిని ఉంది, దాని దర్పణం వ్యాసం 2.34 మీటర్లు. ఆయన చదువుకున్నది మన నిజాం కాలేజీలోనే, నాన్నగారు నిజామియా వేధశాలలో పనిచేశారు. అంత పెద్ద దర్పణం తీసుకునేది ప్రధానంగా కాంతి ఎక్కువ పోగుచేయడానికి. దర్పణం వెడల్పు పెరిగినంత మాత్రాన ప్రతిబింబం పెద్దది కాదు, అది నాభ్యంతరం మీద ఆధారపడుతుంది.

సెలూన్ అన్నకి ఒక జాగ్రత్త. మీ అద్దం ఎండ తగిలేచోట పెట్టకండి. 18 సెం.మీ. అద్దం మీద పడ్డ ఎండ మొత్తం 30 సెం.మీ. దూరంలో 3 మిల్లీమీటర్ల లోపు చుక్కలోకి చేరుతుంది. కాగితం, గుడ్డ, ప్లాస్టిక్ అంటుకుంటాయి. పాపని దాంతో సూర్యుడి వైపు అసలు చూడనివ్వకండి.

ఖమ్మం సెలూన్

మంచి మాట చెప్పారు. సాయంత్రం ఎండ సరిగ్గా ఆ కౌంటర్ మీదికే వస్తుంది. అద్దాన్ని మామూలు వైపు బయటికి పెట్టి లోపలి గోడకి మార్చేశాను.

చెల్లెమ్మా, చివరగా ఒకటి. నా దగ్గరికి అరవై దాటిన పెద్దలు చాలామంది వస్తారు. కటింగ్ అయ్యేటప్పుడు కళ్ళజోడు తీసి పక్కన పెడతారు, మామూలు అద్దం చేతికిస్తే కనపడటం లేదయ్యా అంటారు. వాళ్ళకి ఈ పెద్దగా చూపించే వైపు ఇస్తే ఉపయోగమా? ఎంత దూరంలో పట్టుకోమనాలి?

బెజవాడ ఆప్టోమెట్రిస్ట్

తప్పకుండా ఇవ్వండి అన్నయ్యా. ఇందులో పెద్దగా కనిపించడం ఒక లాభం, రెండో లాభం ఇంకా పెద్దది. మామూలు అద్దం 25 సెం.మీ. దూరంలో పట్టుకుంటే ముఖం 50 సెం.మీ. దూరంలో కనిపిస్తుంది. అరవై దాటినవాళ్ళకి కళ్ళజోడు లేకుండా అది మసకే. మీ పుటాకార దర్పణం అదే 25 దగ్గర పట్టుకుంటే ప్రతిబింబం అద్దం వెనక 150 దగ్గర, అంటే కంటికి 175 సెం.మీ. దూరంలో ఉంటుంది. అంత దూరం చత్వారం ఉన్నవాళ్ళకి కూడా చాలావరకు తేటగానే ఉంటుంది. పైగా మామూలు దానికంటే 1.7 రెట్లు పెద్దగా.

25 నుంచి 30 మధ్య పట్టుకోమనండి. 30 దాటనివ్వకండి. దూరపు చూపుకి మైనస్ ఉన్నవాళ్ళు మాత్రం కళ్ళజోడు తీస్తే ఇంకా దగ్గరగా, 15, 20 దగ్గర పట్టుకోవాలి. మైనస్ ఎక్కువైతే మామూలు అద్దమే దగ్గరగా పట్టుకోవడం మేలు. కంటిలో శుక్లం ఉన్నవాళ్ళకి ఏ దూరంలో పట్టుకున్నా మసక పోదు. అలాంటివాళ్ళు కనపడితే కంటి పరీక్ష చేయించుకోమని ఒక మాట చెప్పండి.